మెదడు గడప దాటే ఇనుము

రక్తంలో తిరిగే ఇనుము మెదడు కణజాలంలోకి చేరే తీరును, ఆ చేరికను అదుపులో ఉంచే ఏర్పాటును కలిపి మెదడు ఇనుము రవాణా అంటారు. శరీరం బరువులో మెదడు వాటా 2 శాతమే. మనం పీల్చే ఆక్సిజన్‌లో మాత్రం దాదాపు 20 శాతం దానికే ఖర్చవుతుంది. ఆ ఆక్సిజన్‌ను శక్తిగా మార్చే మైటోకాండ్రియా ఎంజైములకు ఇనుము కావాలి. నాడీతంతువులకు తొడుగైన మైలిన్ తయారు కావాలన్నా ఇనుమే ఉండాలి. డోపమైన్, సెరొటోనిన్ తయారీలో తొలి మెట్టు నడిపించే టైరోసిన్ హైడ్రాక్సిలేజ్, ట్రిప్టోఫాన్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైములు ఇనుము లేకుండా పనిచేయవు. ఇంత అవసరమైన లోహం అదుపు తప్పితే చేసే చెరుపు కూడా తక్కువది కాదు. ప్రొటీన్ల పట్టు నుంచి జారిపోయిన ఫెర్రస్ ఇనుము హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిసి హైడ్రాక్సిల్ రాడికల్‌ను పుట్టిస్తుంది. అది కణపొరల్లోని కొవ్వును, డీఎన్ఏను దెబ్బతీస్తుంది. చచ్చిపోయిన న్యూరాన్ల స్థానంలో కొత్తవి పుట్టడం అరుదు గనుక, మెదడు ఈ లోహాన్ని లెక్క చూసుకుని మరీ లోపలికి రానిస్తుంది.

దీనివల్ల ఒక చిక్కు వచ్చిపడింది. రక్తంలో ఇనుము ఎంతుందో చూసి మెదడులో ఎంతుందో చెప్పలేం. సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తహీనత ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో ఇది ప్రయోగశాలకు పరిమితమైన సంగతి కాదు.

అడ్డుగోడ కథ

మెదడుకూ రక్తానికీ మధ్య అడ్డు ఉందని మొదట చూపినవి రంగులు. 1885లో జర్మన్ వైద్యుడు పాల్ ఎర్లిక్ జంతువుల రక్తంలోకి రంగులు ఎక్కించి చూశాడు. ఒళ్ళంతా రంగు పట్టింది, మెదడుకు పట్టలేదు. మెదడు కణజాలానికి ఆ రంగును పట్టుకునే గుణం లేదేమోనని అనుకుని ఆయన అక్కడితో ఊరుకున్నాడు. ఆయన శిష్యుడు ఎడ్విన్ గోల్డ్‌మన్ 1913లో అదే పని తిరగేసి చేశాడు. ట్రిపాన్ బ్లూ రంగును నేరుగా మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కించాడు. ఈసారి మెదడు నీలంగా మారింది, శరీరం మారలేదు. అంటే మెదడుకు రంగు పట్టే గుణం ఉంది, మధ్యలో ఏదో ఆపుతోంది. గురువు తేల్చినదాన్ని శిష్యుడు ఒక్క ప్రయోగంతో తోసిపుచ్చడం విజ్ఞాన చరిత్రలో అరుదేమీ కాదు గానీ, ఇంత పొదుపుగా జరగడం మాత్రం అరుదు. జెనీవాలో పనిచేసిన లీనా స్టెర్న్ 1921లో ఈ అడ్డుకు నేటికీ నిలిచిన పేరు పెట్టి, దాన్ని శరీర ధర్మాల్లో ఒకటిగా వివరించింది.

ఆ అడ్డు ఎక్కడుందో కళ్ళకు కట్టింది 1967లో. థామస్ రీస్, మోరిస్ కార్నోవ్‌స్కీ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద ఎలుక మెదడు రక్తకేశనాళికలను చూశారు. ఆ సన్నని గొట్టాల గోడల్లోని ఎండోథీలియల్ కణాలు ఒకదానికొకటి బిగుతుగా అతుక్కుని ఉన్నాయి. మిగతా అవయవాల్లో కణాల సందుల్లోంచి పదార్థాలు జారిపోతాయి. ఇక్కడ సందే లేదు. క్లాడిన్-5, ఆక్లూడిన్ వంటి ప్రొటీన్లు ఆ అతుకును బిగించి ఉంచుతాయి. కేశనాళికను బయటినుంచి పెరిసైట్లు, ఆస్ట్రోసైట్ల పాదాలు చుట్టుకుని ఉంటాయి. ఆక్సిజన్, బొగ్గుపులుసు వాయువు, కొవ్వులో కరిగే చిన్న అణువులు కణపొరలోంచే దాటిపోతాయి. గ్లూకోజ్, అమైనో ఆమ్లాలకు వేరే వాహకాలున్నాయి. ఇనుము పరిస్థితి వీటన్నిటికంటే వేరు. రక్తంలో అది ఒంటరిగా తిరగదు.

రక్తంలో ఇనుము ప్రయాణం

పెద్దవాళ్ళ శరీరంలో 3 నుంచి 4 గ్రాముల ఇనుము ఉంటుంది. అందులో ఎక్కువ భాగం ఎర్రకణాల హిమోగ్లోబిన్‌లోనే. పేగుల ద్వారా రోజూ కొత్తగా చేరేది 1 నుంచి 2 మిల్లీగ్రాములు మాత్రమే. ఎర్రకణాలు ముసలివై విరిగినప్పుడు విడుదలయ్యే ఇనుమే మళ్ళీ మళ్ళీ వాడుకలోకి వస్తూ, రోజుకు 20 మిల్లీగ్రాములకు పైగా రక్తద్రవంలో చేతులు మారుతుంది. దాన్ని మోసేది ట్రాన్స్‌ఫెరిన్. కాలేయంలో తయారయ్యే ఈ ప్రొటీన్ ఒక్కోటి రెండు ఫెర్రిక్ ఇనుము అయాన్లను పట్టుకోగలదు. ఆరోగ్యవంతుల్లో ట్రాన్స్‌ఫెరిన్ స్థానాల్లో మూడోవంతే నిండి ఉంటాయి. మిగతావి ఖాళీగా ఉండటం వృథా కాదు. ఎక్కడైనా విడిగా ఇనుము కనపడితే వెంటనే పట్టుకునే వీలు దానివల్లే ఉంటుంది.

శరీరం మొత్తానికి ఇనుము రాకపోకలను నడిపేది కాలేయం విడుదల చేసే హెప్సిడిన్ అనే 25 అమైనో ఆమ్లాల చిన్న హార్మోన్. కణాల్లోంచి ఇనుము బయటికి వచ్చే ఏకైక ద్వారం ఫెర్రోపోర్టిన్. దాన్ని 2000 సంవత్సరంలో మూడు పరిశోధక బృందాలు విడివిడిగా కనుగొన్నాయి. హెప్సిడిన్ వెళ్ళి ఫెర్రోపోర్టిన్‌కు తగులుకుంటే ఆ ద్వారం కణం లోపలికి లాగబడి నాశనమవుతుంది. జ్వరాలు, వాపులు ఉన్నప్పుడు హెప్సిడిన్ పెరుగుతుంది, పేగు నుంచి ఇనుము రావడం తగ్గుతుంది. ఒంట్లో నలత ఉన్న పిల్లకు ఐరన్ మాత్ర వేసినా రక్తం పట్టకపోవడానికి ఇదొక కారణం.

దాటే తీరు

1984లో విల్‌ఫ్రెడ్ జెఫరీస్, సహచరులు ఒక ప్రతిరక్షకంతో ఎలుక కణజాలాలన్నిటినీ వరుసగా పరీక్షించారు. ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకాన్ని గుర్తించే ప్రతిరక్షకం అది. శరీరంలో మరే కేశనాళికలోనూ గుర్తు పడని చోట, మెదడు కేశనాళికలు మాత్రం బాగా గుర్తుపడ్డాయి. మనిషి మెదడులోనూ అదే కనిపించింది. రక్తం వైపు ఉన్న గోడమీద ఈ గ్రాహకం ఎందుకుంటుంది? ఇనుమును మోసుకొచ్చే ట్రాన్స్‌ఫెరిన్‌ను పట్టుకోవడానికే అన్నది తేలిగ్గా తట్టే జవాబు. ఆ తర్వాత ఏమవుతుందన్న దానిమీదే నలభై ఏళ్ళుగా వాదం నడుస్తోంది.

ఆ దారిని దగ్గరినుంచి చూద్దాం. రెండు ఇనుము అయాన్లు నింపుకున్న ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకానికి తగులుకోగానే ఆ చోట కణపొర లోపలికి గుంటపడి, తెగి, ఎండోసోమ్ అనే చిన్న సంచిగా మారుతుంది. సంచి గోడలో ఉన్న పంపు ప్రోటాన్లను లోపలికి తోస్తుంది. పీహెచ్ 7.4 నుంచి 5.5 దాకా దిగుతుంది. ఆ ఆమ్లత్వంలో ట్రాన్స్‌ఫెరిన్ పట్టు సడలి ఇనుము విడిపోతుంది. ఫెర్రిక్ రూపంలో ఉన్న దాన్ని స్టీప్ కుటుంబానికి చెందిన ఎంజైము ఫెర్రస్‌గా మారుస్తుంది. అప్పుడు డీఎంటీ1 అనే వాహకం దాన్ని సంచిలోంచి కణద్రవంలోకి దించుతుంది. ఇనుము పోయిన ట్రాన్స్‌ఫెరిన్ మాత్రం గ్రాహకాన్ని వదలదు. ఆమ్లంలో అది అలాగే పట్టుకుని ఉండి, మళ్ళీ రక్తం ఒడ్డుకు చేరి పీహెచ్ 7.4 తగిలాక విడివడి, ఇంకో సరుకు కోసం వెళ్ళిపోతుంది. సాధారణ కణాల్లో ఈ చక్రం నిమిషాల్లో ముగుస్తుంది.

అయితే మెదడు కేశనాళిక కణానికి రెండు ఒడ్లున్నాయి, ఒకటి రక్తం వైపు, ఇంకొకటి మెదడు వైపు. ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకులు చూసినవాళ్ళకు సంగతి సులువుగా పడుతుంది. పడవ ఒక తలుపులోంచి లోపలికి వస్తుంది, ఆ తలుపు మూస్తారు, నీటిమట్టం సరిచేస్తారు, తర్వాతే రెండో తలుపు తీస్తారు. రెండూ ఒకేసారి తీయరు. ఎండోథీలియల్ కణం కూడా అలాంటి లాకే. వాదమల్లా పడవ ఎంతవరకు వెళ్తుందన్న దానిమీద. ఒక పక్షం ప్రకారం ట్రాన్స్‌ఫెరిన్ ఇనుముతో సహా రెండో ఒడ్డుకు వెళ్ళిపోతుంది. 1987లో ఫిష్‌మన్, సహచరులు ఎలుకల మెదడులోకి రక్తనాళం ద్వారా గుర్తుపెట్టిన ట్రాన్స్‌ఫెరిన్ పంపి, అది అవతలికి దాటుతున్నట్టు చూపారు. రెండో పక్షం ప్రకారం పడవ మధ్యలోనే సరుకు దించి వెనక్కి మళ్ళుతుంది, సరుకు ఒక్కటే అవతలి తలుపులోంచి వెళ్తుంది. ఆస్ట్రేలియాలో ఇవాన్ మోర్గన్ వంటివారు ఇనుముకూ ట్రాన్స్‌ఫెరిన్‌కూ వేరువేరు రేడియోధార్మిక గుర్తులు పెట్టి చూసినప్పుడు, మెదడులో ఇనుము పేరుకున్నంతగా ట్రాన్స్‌ఫెరిన్ పేరుకోలేదు. ఈ లెక్క రెండో పక్షానికే బలమిస్తుంది. పుట్టుకతోనే డీఎంటీ1 లోపమున్న బెల్‌గ్రేడ్ ఎలుకల మెదళ్ళలో ఇనుము తక్కువగా ఉండటమూ దానికే అనుకూలం. అయినా కేశనాళిక కణాల్లో డీఎంటీ1 ఎంత ఉందన్నది అందరూ ఒప్పుకున్న విషయం కాదు. పడవ దాటే సందర్భాలూ, సరుకు దించే సందర్భాలూ రెండూ ఉండటమే నిజానికి దగ్గరగా కనిపిస్తుంది. ఒక్క దారికే ఓటు వేయాలంటే మాత్రం ఈ రచయిత ఓటు రెండో పక్షానికి.

అవతలి ఒడ్డు

కణద్రవంలోకి దిగిన ఇనుములో కొంత కణం తన అవసరానికి వాడుకుంటుంది, కొంత ఫెరిటిన్‌లో దాచుకుంటుంది. ఫెరిటిన్ 24 ముక్కలు కలిసిన బోలు ప్రొటీన్, సుమారు 4,500 ఇనుము పరమాణువులు దానిలో ఇముడుతాయి. మిగిలింది మెదడు వైపు ఫెర్రోపోర్టిన్‌లోంచి బయటికి వస్తుంది. అది ఫెర్రస్ రూపంలో వస్తుంది గనుక, వెంటనే ఫెర్రిక్‌గా మార్చాలి. ఆ పని కేశనాళిక కణాల్లోని హెఫస్టిన్, ఆస్ట్రోసైట్ల పొరకు అతుక్కుని ఉండే సెరులోప్లాస్మిన్ చేస్తాయి. రెండూ రాగి ఉన్న ఎంజైములే. సెరులోప్లాస్మిన్ జన్యువు పాడైతే ఏమవుతుందో 1987లో జపాన్‌లో మియాజిమా, సహచరులు వర్ణించిన రోగిలో తెలిసింది. కంటి రెటీనా దెబ్బతినడం, మధుమేహం, మెదడు లోపలి కేంద్రకాల్లో ఇనుము మేట వేయడం ఆ జబ్బు లక్షణాలు. రాగి ఉన్న ఎంజైము ఒకటి లేకపోయినా ఇనుము దారి తప్పుతుందని ఈ జబ్బు సూటిగా చూపుతుంది.

మెదడులోపలి ద్రవంలో ట్రాన్స్‌ఫెరిన్ తక్కువ. ఉన్నది దాదాపు నిండిపోయి ఉంటుంది. కాబట్టి కొంత ఇనుము సిట్రేట్, ఆస్కార్బేట్, ఏటీపీ వంటి చిన్న అణువులతో కలిసి తిరుగుతుంది. ఆ రూపాన్ని ఆస్ట్రోసైట్లు సులువుగా తీసుకుంటాయి. న్యూరాన్లకు ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకాలున్నాయి. మైలిన్ అల్లే ఒలిగోడెండ్రోసైట్ల దారి వేరు. మెదడు కణాలన్నిటిలోకీ ఎక్కువ ఇనుము ఉండేది వీటిలోనే, అయినా ఎదిగిన ఒలిగోడెండ్రోసైట్లలో ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకం ఉండదు. అవి హెచ్-ఫెరిటిన్‌ను మూకుమ్మడిగా తీసుకుంటాయి. ఎలుకల్లో దానికి గ్రాహకం టిమ్-2, మనుషుల్లో టిమ్-1. మనిషి ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకం కూడా హెచ్-ఫెరిటిన్‌ను పట్టుకోగలదని 2010లో తెలిసింది. ట్రాన్స్‌ఫెరిన్ దాదాపు లేకుండా పుట్టే ఎలుకల మెదడుకు కూడా ఇనుము చేరడం ఎప్పటినుంచో పరిశోధకులను తికమక పెట్టింది. ఫెరిటిన్ దారి ఉందని తెలిశాక ఆ తికమక కొంత తగ్గింది.

తలుపు తీసేదెవరు

డెల్టా కాలువల మీద ఏ తూము ఎంత ఎత్తాలో లస్కరు తనంతట తాను నిర్ణయించడు, కింద పొలాల అవసరం చూసి పైనుంచి మాట వస్తుంది. మెదడు విషయంలో ఆ మాట మెదడు నుంచే వస్తుందని పెన్‌స్టేట్‌లో జేమ్స్ కానర్ బృందం వాదించింది. కేశనాళిక కణాలను ప్రయోగశాలలో పెంచి, 2015లో ఆ బృందం ఇలా చూపింది: మెదడు వైపు ఖాళీ ట్రాన్స్‌ఫెరిన్ ఎక్కువుంటే కణం ఇనుమును ఎక్కువ విడుదల చేస్తుంది, నిండిన ట్రాన్స్‌ఫెరిన్ ఎక్కువుంటే తగ్గిస్తుంది. ఆస్ట్రోసైట్లు స్వయంగా హెప్సిడిన్ తయారుచేసి, తమ పాదాలకు ఎదురుగా ఉన్న ఫెర్రోపోర్టిన్‌ను మూయిస్తాయి. అంటే కాలేయం హెప్సిడిన్ రక్తం వైపునుంచి ఏం చెప్పినా, మెదడుకు సొంత అదుపు ఒకటుంది. లోపలికి చేరిన ఇనుము బయటికి పోవడం మాత్రం చాలా నెమ్మది. మెదడు ద్రవం ప్రవాహంతో కొద్దికొద్దిగా పోతుంది, అంతే. లోపలికి రానిచ్చే దగ్గరే జాగ్రత్త పడాల్సిన అవసరం అక్కడినుంచే వచ్చింది.

ఇనుము మెదడంతా సమంగా ఉండదు. 1958లో స్వీడన్‌లో హాల్‌గ్రెన్, సౌరాండర్ చనిపోయినవారి మెదళ్ళలో ప్రాంతాలవారీగా కొలిచారు. గ్లోబస్ పాలిడస్‌లో 100 గ్రాముల కణజాలానికి సుమారు 21 మిల్లీగ్రాములుంది, ఇది కాలేయంకన్నా ఎక్కువ. సబ్‌స్టాన్షియా నైగ్రా, రెడ్ న్యూక్లియస్ దాని వెంటే ఉన్నాయి. పుట్టినప్పుడు దాదాపు లేని ఈ నిల్వ ఇరవయ్యో, ముప్పయ్యో ఏడు దాకా వేగంగా పెరిగి, తర్వాత నెమ్మదిస్తుంది. కదలికలను నడిపే కేంద్రకాల్లోనే ఇంత ఇనుము ఎందుకన్నదానికి, డోపమైన్ వాడకం అక్కడే ఎక్కువన్నది ఒక సమాధానం. ఆ సమాధానంతో అందరూ తృప్తిపడలేదు.

పలివెల పసివాళ్ళు

కొత్తపేట మండలం పలివెల ఉమా కొప్పులింగేశ్వర స్వామి ఊరిగా పేరు. వరి, కొబ్బరి, గోదావరి కాలువ నీళ్ళు ఉన్న మధ్య డెల్టా. ఇలాంటి పచ్చని చోట ఇనుము లోటు ఏమిటనిపిస్తుంది. కానీ 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ మొత్తానికి 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతానికి, 6 నుంచి 59 నెలల పిల్లల్లో 63.2 శాతానికి రక్తహీనత ఉంది. అంతకు నాలుగేళ్ళ ముందటి సర్వేలో పిల్లల అంకె 58.6. రక్తహీనతకు కారణాలు ఇనుము ఒక్కటే కాదు. ఫోలిక్ ఆమ్లం, బీ12 లోపాలు, నులిపురుగులు, అంటువ్యాధులు, పుట్టుకతో వచ్చే హిమోగ్లోబిన్ లోపాలు కూడా లెక్కలో ఉంటాయి. అయినా ఇనుము వాటా పెద్దది.

నెలలు నిండి పుట్టే బిడ్డ తల్లినుంచి కిలో బరువుకు సుమారు 75 మిల్లీగ్రాముల ఇనుము తెచ్చుకుంటుంది, అదీ ఎక్కువగా గర్భం చివరి మూడు నెలల్లో. తల్లిపాలలో ఇనుము లీటరుకు అర మిల్లీగ్రాముకన్నా తక్కువ. తెచ్చుకున్న నిల్వ నాలుగు నుంచి ఆరు నెలలు నడుస్తుంది. మన ఇళ్ళలో అన్నప్రాశన చేసేది కూడా సరిగ్గా ఆ వేళకే. ఇంట్లోనో, కొప్పులింగేశ్వరుడి గుళ్ళోనో చేసినా బిడ్డ నోట్లో మొదట పడేది పాయసం. అందులో ఇనుము నామమాత్రం. ఆ తర్వాత వచ్చే పాలన్నం, పప్పన్నంలో కూడా పేగుకు సులువుగా పట్టే ఇనుము తక్కువే. ఆరో నెల నుంచి రెండేళ్ళ దాకా మెదడు మైలిన్‌ను జోరుగా అల్లుకునే కాలం. నిల్వ అయిపోవడమూ, గిరాకీ పెరగడమూ ఒకేసారి జరుగుతాయన్నమాట.

ఇక్కడే లాకు సంగతి గుర్తుంచుకోవాలి. గర్భంలోనూ, శైశవంలోనూ ఇనుము కొరత వస్తే శరీరం దాన్ని మొదట ఎర్రకణాలకు పంచుతుంది, మెదడు వంతు ఆ తర్వాతే. మైఖేల్ జార్జియెఫ్ వంటి శిశువైద్యులు ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నది ఇదే: హిమోగ్లోబిన్ పడిపోకముందే మెదడులో ఇనుము తగ్గి ఉండవచ్చు. వేలి చివర సూది గుచ్చి చూసే హిమోగ్లోబిన్ పరీక్ష రక్తహీనతను పట్టుకుంటుంది, మెదడులో లోటును కాదు. చిలీలో 1998లో రోంకాగ్లియోలో, సహచరులు ఆరు నెలల పిల్లల్లో చెవినుంచి మెదడుకాండం దాకా శబ్ద సంకేతం ప్రయాణించే కాలాన్ని కొలిచారు. రక్తహీనత ఉన్న పిల్లల్లో అది ఎక్కువ పట్టింది. మందిచ్చి రక్తం సరిచేశాక కూడా తేడా పోలేదు. కోస్టారికాలో బెట్సీ లోజాఫ్ 1991లో ప్రచురించిన అధ్యయనం కూడా అలాంటిదే. శైశవంలో ఒక మోస్తరు నుంచి తీవ్రమైన ఇనుము లోపం ఉన్న పిల్లలు, రక్తం కోలుకున్నాక కూడా ఐదేళ్ళ వయసులో మానసిక, చలన పరీక్షల్లో తోటివాళ్ళకంటే వెనకబడ్డారు. అంతకుముందే 1970ల నుంచి మూసా యూదిమ్ ఎలుకల మీద చేసిన పనిలో, ఇనుము తగ్గితే డోపమైన్ డీ2 గ్రాహకాలు తగ్గుతాయని తేలింది. ఒక దశలో అందాల్సిన ఇనుము తర్వాత ఎంత అందినా ఆ దశ వెనక్కి రాదు. రక్తానికి ఇలాంటి గడువు లేదు, మెదడుకు ఉంది.

2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమంలో మాత్రల రంగులే వయసును చెబుతాయి. 6 నుంచి 59 నెలల పిల్లలకు వారానికి రెండుసార్లు 1 మిల్లీలీటరు సిరప్, అందులో 20 మిల్లీగ్రాముల ఇనుము. 5–9 ఏళ్ళవాళ్ళకు వారానికొక గులాబీ మాత్ర, 10–19 ఏళ్ళవాళ్ళకు వారానికొక నీలం మాత్ర. గర్భిణికి 180 రోజులు రోజుకొక ఎర్ర మాత్ర, 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. ఆ రెండో మందుకు గోదావరి జిల్లాల నుంచే ఒక కొస ఉంది. ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఈ రంగుల్లో అన్నిటికంటే తక్కువ శ్రద్ధ పొందేది సిరప్పే. ఎర్ర మాత్ర గర్భిణి చేతికి వస్తుంది, నీలం మాత్ర బళ్ళో అందరి ముందూ వేయిస్తారు. పసిదానికి పట్టే సిరప్ ఇంటి అలమర్లో, డ్రాపర్ మూత జిగురెక్కి, నెలల తరబడి ఉండిపోవచ్చు. మందు పడితే విరేచనం నల్లగా అవుతుంది, పళ్ళకు మరక పడుతుంది, అది చూసి పెద్దవాళ్ళు మాన్పించేస్తారు. నల్లగా రావడం ప్రమాదం కాదని ఒక్కమాట ముందే చెబితే సీసా ఖాళీ అయ్యే అవకాశాలు చాలా పెరుగుతాయి. రేషను బియ్యంలో కలిపే బలవర్ధక గింజల సంగతీ ఇంతే. నూరు గింజలకు ఒకటి చొప్పున కలిపే ఆ గింజలవల్ల కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము చేరాలన్నది ప్రమాణం. బియ్యం కడిగేటప్పుడు ఆ గింజలు కొన్ని పైకి తేలతాయి. వాటిని చూసి ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసిన ఇళ్ళు రాష్ట్రంలో తక్కువేం కాదు. కూనూరులో 1918లో మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, ఇనుము కలిపిన ఉప్పుమీద 1970ల నుంచి పనిచేసింది. పెద్దాడవాళ్ళకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలన్న 2020 నాటి సిఫారసూ దానిదే. అంత పెద్ద అంకె ఎందుకంటే మన అన్నం, పప్పు, కూరల ఇనుములో పేగు పీల్చుకునేది చాలా తక్కువ. భోజనమైన వెంటనే టీ తాగితే అదీ తగ్గుతుంది. నిమ్మకాయ పిండుకుంటే, చేపో మాంసమో తోడైతే పెరుగుతుంది. తోటకూర, మునగాకులో ఇనుము ఉందని చెప్పేవాళ్ళు టీ సంగతి ఎందుకు చెప్పరో అర్థం కాదు.

ప్రసవమప్పుడు బొడ్డుతాడును కనీసం ఒక నిమిషం ఆగి బిగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ నిమిషంలో మావినుంచి బిడ్డకు చేరే రక్తం మొదటి ఆరు నెలల ఇనుము నిల్వను పెంచుతుంది. ఖర్చులేని పని.

అడ్డుగోడ లేని చోట

లోటుకు ఎదురు పక్షం అతి. తలసీమియా ఉన్న పిల్లలకు జీవితాంతం రక్తం ఎక్కించాలి. ఎక్కించిన ప్రతి సీసాతో ఇనుమూ చేరుతుంది. తెలుగు రాష్ట్రాల్లో ఈ పిల్లల కోసం హైదరాబాదులో 1998లో తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఏర్పడింది. ఇనుమును తీసేసే మందులు సరిగా పడకపోతే గుండె, కాలేయం దెబ్బతింటాయి. అలాంటివాళ్ళ మెదడు మాత్రం చాలావరకు నిలబడుతుంది. రక్తంలో ఎంత పొంగినా లాకు రెండో తలుపు తీయలేదన్నమాట. అదే తలలో, మెదడుకు అతుక్కునే ఉన్న పిట్యూటరీ గ్రంథి ముందు భాగం అడ్డుగోడకు బయట ఉంటుంది. దాని కేశనాళికల్లో సందులున్నాయి. అక్కడ ఇనుము మేట వేస్తుంది. పొడవు పెరగకపోవడం, యుక్తవయసు ఆలస్యం కావడం ఈ పిల్లల్లో తరచుగా కనిపించేది అందుకే. మెదడు ద్రవాన్ని ఊరించే కొరాయిడ్ ప్లెక్సస్‌లో కూడా ఇనుము కనిపిస్తుంది, అక్కడి రక్తనాళాలూ సందులున్నవే. అడ్డుగోడ చేసే పనేమిటో ప్రకృతి తానే పెట్టి చూపిన పోలిక ఇది.

రాత్రి కాళ్ళు

సాయంత్రమైతే కాళ్ళు లాగేస్తున్నాయని, కదిపితే గానీ నిలవనీయడం లేదని, పడుకుంటే ఎక్కువవుతుందని చెప్పేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. నొప్పి అని చెప్పలేరు, తిమ్మిరి అనీ కాదు. ఈ బాధను 1945లో స్వీడన్‌లో కార్ల్ ఎక్‌బోమ్ వివరంగా వర్ణించాడు. ఆ తర్వాత పదేళ్ళు తిరక్కుండానే నార్డ్‌లాండర్ ఇనుము ఇంజెక్షన్లతో చాలామందికి తగ్గిందని చూపాడు. ఆశ్చర్యమేమిటంటే వీళ్ళలో చాలామందికి రక్తహీనత ఉండదు. 2000లో క్రిస్టఫర్ అర్లీ, సహచరులు వెన్ను ద్రవం పరీక్షిస్తే ఫెరిటిన్ తక్కువ, ట్రాన్స్‌ఫెరిన్ ఎక్కువ, అంటే మెదడులో ఇనుము కరువు. 2003లో కానర్ బృందం చనిపోయినవారి సబ్‌స్టాన్షియా నైగ్రాలో అదే చూసింది. 2011లో మెదడు కేశనాళికలనే విడిగా తీసి చూస్తే ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకాలు తగ్గి ఉన్నాయి. రక్తంలో సరుకు ఉన్నా గడప దగ్గర అందుకునే చేతులు తక్కువ. అందుకే ఈ జబ్బులో వైద్యులు హిమోగ్లోబిన్‌తో ఆగకుండా ఫెరిటిన్ చూస్తారు. లీటరుకు 75 మైక్రోగ్రాములు లేదా అంతకంటే తక్కువుంటే ఇనుము మాత్రలు పెట్టవచ్చన్నది 2018 నాటి అంతర్జాతీయ సిఫారసు. సాధారణ రక్తహీనతలో ఇంత పైన ఎవరూ గీత గీయరు.

వయసు మీద పడ్డాక

పార్కిన్సన్స్ జబ్బులో సబ్‌స్టాన్షియా నైగ్రాలో ఇనుము పెరుగుతుందన్నది పాత సంగతి. దాన్ని తీసేస్తే జబ్బు నెమ్మదిస్తుందని ఆశ పుట్టింది. డెఫెరిప్రోన్ అనే మాత్ర అడ్డుగోడను దాటగలదు, తలసీమియాలో ఎప్పటినుంచో వాడుతున్నదే. 2022లో ప్రచురితమైన ఫెయిర్‌పార్క్-2 ప్రయోగంలో, లెవోడోపా ఇంకా మొదలుపెట్టని 372 మందిలో సగానికి 36 వారాలు ఈ మందిచ్చారు. మెదడులో ఇనుము తగ్గింది. రోగుల పరిస్థితి మాత్రం మందు లేనివాళ్ళకంటే అధ్వాన్నమైంది. డోపమైన్ తయారుచేసే ఎంజైముకు కూడా ఇనుము కావాలన్న మాట మనం మొదట్లోనే చెప్పుకున్నాం. మేట వేసిందంతా చెత్త కాదని ఆ ఫలితం చెబుతోంది. ఇనుము జబ్బుకు కారణమా, జబ్బువల్ల చేరిందా అన్నది ఇంకా తేలనే లేదు. ఇంగ్లండు వాయవ్యంలోని కంబ్రియాలో ఒక కుటుంబంలో దొరికి 2001లో వెల్లడైన న్యూరోఫెరిటినోపతి వంటి అరుదైన వారసత్వ జబ్బుల్లో మాత్రం కారణం ఇనుము నిల్వ లోపమేనని నిశ్చయంగా చెప్పవచ్చు.

అదే దారిలో మందులు

అడ్డుగోడ పెద్ద మందులను లోపలికి రానివ్వదు. ఇనుముకు మాత్రం దారి ఉంది కాబట్టి, మందును ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకానికి తగిలించి పంపవచ్చని 1990ల మొదట్లోనే విలియం పార్డ్రిడ్జ్ వంటివారు ఎలుకలమీద చూపారు. ట్రాన్స్‌ఫెరిన్‌తో పోటీ పడకుండా, గ్రాహకంలో వేరే చోట అతుక్కునే ప్రతిరక్షకాలను వాడారు. మొదట్లో బలంగా పట్టే ప్రతిరక్షకమే మంచిదనుకున్నారు. 2011లో జెనెన్‌టెక్ పరిశోధకులు దాన్ని తిరగేశారు. గట్టిగా పట్టినవి గ్రాహకంతోపాటు కణంలోనే ఉండిపోయి నాశనమవుతున్నాయి. మోస్తరుగా పట్టినవే అవతలి ఒడ్డున జారి మెదడులోకి వెళ్తున్నాయి. హంటర్ సిండ్రోమ్ అనే అరుదైన ఎంజైము లోపానికి ఈ దారిలో వెళ్ళే పాబినాఫస్ప్ ఆల్ఫా మందును 2021లో జపాన్ ఆమోదించింది. ఆల్జైమర్స్‌కు ఇదే పద్ధతిలో తయారైన మందులు పరీక్షల్లో ఉన్నాయి.

ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకం మెదడు గడపలోనే లేదు. ఎముక మజ్జలో హిమోగ్లోబిన్ నింపుకుంటున్న లేత ఎర్రకణాలపై అది మరీ దట్టంగా ఉంటుంది. గ్రాహకాన్ని పట్టుకునే ప్రతిరక్షకాలు ఎలుకల్లో ఆ లేత కణాలను తగ్గించాయని 2013లో ఒక అధ్యయనం చూపింది, మనుషుల్లో జరిగిన కొన్ని పరీక్షల్లో కూడా రక్తహీనత దుష్ప్రభావంగా నమోదైంది. అందుకే ఈ మందులు ఎక్కించేవాళ్ళకు మొదటి నుంచీ హిమోగ్లోబిన్ వరుసగా చూస్తూ వస్తారు.